మొసలి కన్నీరు: ఒక ఆంగ్ల జాతీయం అర్థమూ ప్రయోగమూ

ఉపోద్ఘాతం

తెలుగు పత్రికాభాషలో 'మొసలి కన్నీరు' నిత్య వ్యవహారంలో ఉన్న మాట. శాసనసభ వార్తల్లో, ఎన్నికల ప్రసంగాల్లో, సంపాదకీయాల్లో ఇది తరచు వినిపిస్తుంది. వ్యాకరణ పుస్తకాల చివర ఇచ్చే జాతీయాల పట్టికల్లో దీనికి 'దొంగ ఏడుపు', 'కపట దుఃఖం' అన్న అర్థాలు కనిపిస్తాయి. అక్కడితో విషయం పూర్తయినట్లే విద్యార్థి భావిస్తాడు. అయితే ఈ అర్థవివరణ సగమే. ఇది తెలుగు నేలలో పుట్టిన జాతీయం కాదు. ఆంగ్లం నుంచి మాటకు మాటగా దిగిన అనువాద ఆదానం. మూలభాషలో దీని వెనుక ఒక కథ ఉన్నది. ఆ కథలో కన్నీరు ఎంత ముఖ్యమో, ఆ కన్నీరు కార్చే నోటిలో ఏమున్నదన్నదీ అంతే ముఖ్యం. ఈ రెండో అంశాన్ని వదిలివేసిన నిర్వచనం జాతీయాన్ని వివరించదు, పలుచన చేస్తుంది.

'తెల్ల ఏనుగు', 'ఎర్ర తివాచీ పరచడం', 'పచ్చజెండా ఊపడం' వంటివి కూడా ఆంగ్లం ద్వారా వచ్చినవే. వాటిలో చాలావరకు పరాయి వాసన ఇంకా పోలేదు. ఎర్ర తివాచీ తెలుగువారి స్వాగత సంప్రదాయంలోనిది కాదని చదివేవారికి తెలుస్తూనే ఉంటుంది. 'మొసలి కన్నీరు' విషయం వేరు. మొసలి తెలుగువారికి తెలిసిన జంతువు, కన్నీరు తెలుగు మాట, సమాసం షష్ఠీ తత్పురుషం. ఎక్కడా అతుకు కనిపించదు. అందుకే దీనిని దేశీయ జాతీయంగా పొరబడడం సులభం.

కథ పుట్టిన చోటు

మొసలి మనిషిని తింటూ ఏడుస్తుందన్న నమ్మకం ఐరోపాలో ప్రాచీనమైనది. ఆంగ్ల పాఠకులకు దానిని విస్తృతంగా పరిచయం చేసిన గ్రంథం 14వ శతాబ్దికి చెందిన 'సర్ జాన్ మాండవిల్ యాత్రలు'. రచయిత నిజంగా ఆ దేశాలన్నీ తిరిగాడా అన్నది అటుంచి, ఆ పుస్తకం పలు భాషల్లోకి వెళ్ళింది, శతాబ్దాల పాటు చదవబడింది. అందులో మొసళ్ళ ప్రస్తావన వచ్చే చోటు ఆసక్తికరమైనది. మనుషులను చంపి, ఏడుస్తూ తినే ఈ జలసర్పాలు సమృద్ధిగా ఉన్న దేశంగా ఆ గ్రంథం చెప్పేది 'ఇండ్', అనగా భారతదేశ ప్రాంతాన్ని. భారతదేశంలో ఎవరూ చెప్పుకోని కథను భారతదేశానికి అంటగట్టి ఆంగ్లేయులు చదువుకొన్నారు. కొన్ని శతాబ్దాల తరువాత అదే కథ నుడికారమై, బడి పుస్తకాల మీదుగా ఇక్కడికే వచ్చింది. ఆంగ్ల సాహిత్య ప్రభావాన్ని గురించి జరిగే చర్చల్లో నవల, ఖండకావ్యం, విమర్శ వంటి పెద్ద వస్తువులే లెక్కకు వస్తాయి. ఇటువంటి చిన్న సరుకు లెక్కలోకి రాదు.

మాండవిల్ కథలో మొసలి తినేటప్పుడు ఏడుస్తుంది. 1608లో సర్పజాతుల మీద గ్రంథం వెలువరించిన ఎడ్వర్డ్ టాప్సెల్ దగ్గరకు వచ్చేసరికి మరో కథ తోడైంది. అక్కడ మొసలి తినడానికి ముందే ఏడుస్తుంది. ఆపదలో ఉన్నట్లు వెక్కివెక్కి ఏడ్చి, జాలిపడి దగ్గరకు వచ్చినవాడిని పట్టుకొంటుంది. టాప్సెల్ పాత కథనూ వదలలేదు. తిన్న తరువాతి ఏడుపును, క్రీస్తును అప్పగించి ఆనక కన్నీరు పెట్టిన జూడాస్ పశ్చాత్తాపంతో పోల్చాడు.

ఈ రెండు కథలూ ఒకటి కావు. ముందు ఏడ్చే మొసలిది వంచన. ఆ కన్నీరు వల. తింటూ ఏడ్చే మొసలిది మరింత చిక్కైన స్థితి. అది అబద్ధం చెబుతున్నదా, లేక నిజంగా ఏడుస్తూ కూడా తినడం మానలేకపోతున్నదా అన్నది కథ తేల్చదు. మధ్యయుగపు క్రైస్తవ బోధకులకు ఈ రెండో మొసలి పనికివచ్చింది. పాపం మానకుండా పాపానికి ఏడ్చేవాడికి అది ప్రతీక. ఆధునిక ఆంగ్ల నిఘంటువులు రెంటినీ కలిపివేసి 'కపటమైన దుఃఖ ప్రదర్శన' అన్న ఒకే అర్థానికి కుదించాయి. అర్థవిపరిణామ పరిభాషలో చెప్పాలంటే, 'ఎవరు ఏడుస్తున్నారు' అన్న నిబంధన సడలి, ఎటువంటి కృత్రిమ దుఃఖానికైనా వర్తించే అర్థవ్యాకోచం జరిగింది.

షేక్స్పియర్: మాట ఎవరి నోట

ఈ జాతీయం ప్రయోగ చరిత్రలో షేక్స్పియర్ నాటకాలది కీలక స్థానం. ఉదాహరణల కోసం అందరూ ఉటంకించే సందర్భాలే అయినా, వాటిని నాటక సందర్భంలో పెట్టి చదివినప్పుడు నిఘంటువు చెప్పని విషయం ఒకటి బయటపడుతుంది.

'ఆరవ హెన్రీ' రెండో భాగం, తృతీయాంకం, మొదటి రంగం. గ్లౌస్టర్ ప్రభువును నిర్బంధించారు. అతడు నిర్దోషి అని రాజుకు తెలుసు. అడ్డుకొనే సత్తువ లేక కన్నీటితో సభ విడిచి వెళతాడు. ఆ వెంటనే రాణి మార్గరెట్, బాటసారులను దుఃఖంతో వలలో వేసుకొనే మొసలితో గ్లౌస్టర్‌ను పోలుస్తుంది. ఇక్కడ ఏడ్చినది రాజు, మొసలి అనిపించుకొన్నది గ్లౌస్టర్. మాట అన్న మార్గరెట్ అదే రంగంలో తన అనుయాయులతో కలిసి గ్లౌస్టర్ హత్యకు ఒప్పందం చేసుకొంటుంది. తరువాతి రంగంలో అతని మరణవార్త వచ్చినప్పుడు, కన్నీటితో అతని ప్రాణం తిరిగి వచ్చేటట్లయితే కళ్ళు పోయేలా ఏడ్చేదానినని రాజు ముందు పలుకుతుంది. మొసలి ఎవరన్నది ప్రేక్షకుడికి వేరే చెప్పనక్కరలేదు.

'ఒథెల్లో' చతుర్థాంకంలోని సందర్భం ఇంకా తీవ్రమైనది. వెనిస్ నుంచి వచ్చిన బంధువు ఎదుట ఒథెల్లో డెస్డిమోనాను కొడతాడు. ఆమె ఏడుస్తుంది. స్త్రీల కన్నీటితో భూమి గర్భం దాల్చగలిగితే, ఈమె రాల్చే ప్రతి బొట్టూ ఒక మొసలి అవుతుందని అతడు అంటాడు. ఆ కన్నీరు నిజమైనదని నాటకం చూస్తున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. తెలియనిది ఒథెల్లోకు మాత్రమే. పంచమాంకంలో, నిద్రిస్తున్న ఆమెను చంపబోయే ముందు ముద్దు పెట్టుకొని ఏడ్చేది అతడే. తన కన్నీరు క్రూరమైనదని కూడా అతడే ఒప్పుకొంటాడు. ఏడుస్తూ ప్రాణం తీసే జీవి ఆ నాటకంలో ఒక్కటే ఉన్నది, అది డెస్డిమోనా కాదు. పైగా అతని దుఃఖం కపటం కాదు. అది మాండవిల్ చెప్పిన మొసలి దుఃఖం: నిజంగానే ఏడుపు, ఏడుపు ఆపని హత్య.

ఈ రెండు చోట్లా మాట ఎవరి మీద విసరబడిందో వారికి తగలలేదు, విసిరినవారికే చుట్టుకొన్నది. దీనిని యాదృచ్ఛికం అనడం కష్టం. జాతీయంలోనే ఆ గుణం ఉన్నది. ఎదుటివారి కన్నీటిని కపటమని కొట్టిపారేయగలిగినవాడు, వారిని హింసించడానికి అడ్డుగా ఉన్న జాలిని ముందే తొలగించుకొంటాడు. మార్గరెట్‌కు అది రాజకీయ అవసరం, ఒథెల్లోకు మానసిక అవసరం.

'ఆంటొనీ అండ్ క్లియోపాత్రా'లో మూడో ప్రయోగం కేవలం హాస్యం. తాగిన మత్తులో ఉన్న లెపిడస్ మొసలి ఎలా ఉంటుందని అడిగితే, అది తనలాగే ఉంటుందని ఆంటొనీ వర్ణించుకుంటూ పోయి, దాని కన్నీరు తడిగా ఉంటుందని ముగిస్తాడు. అరిగిపోయిన జాతీయంలో మిగిలేది తడి ఒక్కటే.

ఒథెల్లో మాటను తెలుగు చేసేవారికి ఇక్కడొక చిక్కు ఉన్నది. 'నీవి మొసలి కన్నీళ్ళు' అని అనువదిస్తే అర్థం వెంటనే అందుతుంది గాని ప్రతిమ పోతుంది. మూలంలో మొసలి కన్నీరు కార్చదు, కన్నీరే మొసలిని కంటుంది. నైలు నది బురద మీద సూర్యరశ్మి సోకి మొసళ్ళు పుడతాయన్న నాటి నమ్మకం ఆ వాక్యంలో ఇమిడి ఉన్నది. కన్నీరు విత్తనం, భూమి క్షేత్రం. పరిచితమైన జాతీయం చేతికి అందుబాటులో ఉండడమే అనువాదకుడికి ఇక్కడ ప్రమాదం. ఆ ఎండను, బురదను, గర్భాన్ని నిలుపుకొని, జాతీయాన్ని పాఠకుడి ఊహకు వదలడమే మంచిది.

తెలుగు మొసలి ఏడవదు

భారతీయ వాఙ్మయంలో మొసలికి కొరత లేదు. నక్రం, మకరం, కుంభీరం, గ్రాహం అని పేర్లకూ కొరత లేదు. అది గంగకు వాహనం, మన్మథుడి ధ్వజంలో చిహ్నం, రాశిచక్రంలో ఒక రాశి. తెలుగు చదువరి మనసులో నిలిచిన మొసలి మాత్రం పోతన భాగవతం అష్టమస్కంధంలోని మకరి. దాని గుణం పట్టు. ఏనుగు కాలు పట్టింది, విడువలేదు. అంతే దాని స్వభావం. ఆ ఘట్టంలో కన్నీరూ మొరా ఏనుగువి. మకరి నటించదు, దానికి నటించవలసిన అవసరం లేదు. భర్తృహరి నీతిశతకంలో మొసలి కోరల నడుమ నుంచి రత్నాన్ని పెకలించే సాహసం కనిపిస్తుంది; ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసిన తరువాత అది బడిపిల్లలకూ కంఠస్థమైంది. అక్కడా మొసలి అంటే కోరల బిగువే. శంకరాచార్యుల సన్న్యాస గాథలో పెరియార్ నదిలో కాలు పట్టిన మొసలిదీ అదే పాత్ర. నీటిలో ఏనుగును లాగగల మొసలి నేల మీద కుక్కకు లోకువ అన్న నీతిలోనూ చెప్పబడేది స్థానబలం, కపటం కాదు.

కపటం ఉన్న మొసలి పంచతంత్రంలోనిది. కోతి గుండెకాయ కోసం స్నేహితుణ్ణి వీపు మీద ఎక్కించుకొని నడినీటికి తీసుకుపోతుంది. అయినా అది ఏడ్చి మోసగించదు, విందుకు పిలిచి మోసగిస్తుంది. ఆ పైన కపటాన్ని దాచుకోలేక నడిదారిలోనే కోతికి నిజం చెప్పివేస్తుంది. సంస్కృత పంచతంత్రంలో ఈ కథకు ఒక కొనసాగింపు ఉన్నది. కోతి తప్పించుకొన్న తరువాత, నిరాహారంగా ఉన్న భార్య మరణించిందన్న వార్త విని మొసలి విలపిస్తుంది. ఆ విలాపం నిజమైనది. ఆంగ్ల జాతీయానికి ఆధారం వెతుకుతూ పంచతంత్రం దాకా వెళ్ళే పరిశోధకుడికి అక్కడ దొరికేది సరిగ్గా దానికి వ్యతిరేకమైన దృశ్యం.

రడ్యార్డ్ కిప్లింగ్ 1902లో ప్రచురించిన 'జస్ట్ సో స్టోరీస్'లోని ఏనుగు పిల్ల కథను గజేంద్రమోక్షం పక్కన పెట్టి చూస్తే ఈ భేదం తేటతెల్లమవుతుంది. రెండింటా నీటి ఒడ్డున ఏనుగు, దానిని పట్టిన మొసలి. కిప్లింగ్ మొసలి తాను మొసలినేనని నమ్మించడానికి మొసలి కన్నీరు కార్చి చూపుతుంది. ఆ చమత్కారం జాతీయం తెలిసిన భాషలోనే సాధ్యం. పోతన మకరికి అటువంటి గుర్తింపు పత్రం అక్కరలేదు.

కృష్ణా, గోదావరి పరీవాహకాల్లో, మంజీరా మడుగుల్లో మొసలిని కళ్ళారా చూసిన జనం దాని కన్నీటిని గురించి కథ అల్లలేదు. మొసళ్ళు లేని చలిదేశపు జనం పుస్తకంలో చదివి అల్లుకొన్నారు. కపటాన్ని చెప్పడానికి తెలుగువారు తమ చెరువు గట్టున రోజూ కనిపించే కొంగను ఎంచుకొన్నారు. 'కొంగ జపం' ఆ పరిశీలన నుంచి వచ్చింది. గోముఖ వ్యాఘ్రం, మేకవన్నె పులి వేషాన్ని చెబుతాయి. ఏడుపుకు సంబంధించిన కపటాన్ని సామెత ఇంటి గడపలోనే పట్టుకొన్నది: అత్త చచ్చిన ఆరు నెలలకు కోడలి కంట నీరు వచ్చిందట. తమిళంలో వానకు మేక తడుస్తున్నదని తోడేలు ఏడ్చిందన్న సామెత ఉన్నది. టాప్సెల్ చెప్పిన మొసలికి దక్షిణాదిలో దగ్గరి చుట్టం ఆ తోడేలే. అంతటి చక్కని సామెత ఉన్న తమిళం కూడా 'ముదలైక్ కణ్ణీర్'ను స్వీకరించింది. కన్నడంలో 'మొసళె కణ్ణీరు', మలయాళంలో 'ముదలక్కణ్ణీర్', మరాఠీలో సంస్కృత సమాసంగా 'నక్రాశ్రూ'. ఇన్ని భాషల్లో ఒకే అచ్చులో పోసినట్లు ఉండి, వాటి ప్రాచీన కథాసంప్రదాయంలో మూలకథ మాత్రం లేకపోవడం అనువాద ఆదానానికి బలమైన సాక్ష్యం. హిందీ దీనిని 'ఘడియాలీ ఆఁసూ' అన్నది. ఘడియాల్ ప్రధానంగా చేపలు తిని బతికే సన్నమూతి మొసలి. మనిషి జోలికి రాని జీవికి ఆ అపకీర్తి చుట్టుకోవడం విచిత్రం.

తెలుగు ప్రయోగంలోని అర్థం

తెలుగులో ఈ జాతీయం కలిసే క్రియలు పరిమితం. మొసలి కన్నీరు కారుస్తారు, ఒలకబోస్తారు. 'మొసలి కంటతడి పెట్టారు' అనరు. 'మొసలి ఏడుపు' అన్న రూపం స్థిరపడలేదు. దానికి కారణం తెలుగులో 'ఏడుపు'కు ఉన్న మరో అర్థం కావచ్చు. ఎదుటివాడి బాగు చూసి ఏడవడమంటే ఓర్వలేకపోవడం. ఓర్వలేనివాడి ఏడుపు కపటం కాదు, అది పూర్తిగా నిజాయితీగల ఏడుపు. 'కన్నీరు'కు ఆ మరక లేదు. జాతీయం స్వచ్ఛమైన మాటను ఎంచుకొన్నది.

ఇక 'దొంగ ఏడుపు'తో దీనికి గల భేదం. బడికి వెళ్ళనని మారాం చేసే పిల్లవాడిది దొంగ ఏడుపు. దానిని మొసలి కన్నీరు అనే తెలుగువారు ఉండరు. కౌలుదారును పొలం నుంచి వెళ్ళగొట్టిన ఆసామి, ఆ కుటుంబం వలసపోతే అయ్యో అన్నాడనుకొందాం. అది మొసలి కన్నీరు. మొదటి సందర్భంలో ఏడ్చేవాడు ఎవరినీ తినలేదు. రెండో దానిలో నష్టానికి కారకుడూ నష్టానికి ఏడ్చేవాడూ ఒక్కడే. రాజకీయ ప్రయోగాల్లో ఈ నిబంధన దాదాపు ఎప్పుడూ పాటించబడుతుంది. 'రైతులపై మొసలి కన్నీరు' అన్నప్పుడు, రైతుల కష్టానికి మీరే కారణమన్న అభియోగం అందులోనే ఉంటుంది. ఆధునిక ఆంగ్లం వదులు చేసుకొన్న షరతును తెలుగు గట్టిగా పట్టుకొన్నదన్నమాట. అరువు తెచ్చుకొన్న భాషలో జాతీయం మూలభాషలో కంటే మూలార్థానికి దగ్గరగా ఉండడం అరుదైన విషయం. నిఘంటుకారులు, పాఠ్యపుస్తక రచయితలు 'దొంగ ఏడుపు' అన్న పర్యాయపదంతో సరిపెట్టడం ఈ విశేషాన్ని తుడిచివేస్తున్నది. 'తాను చేసిన హానికి తానే చూపే బూటకపు దుఃఖం' అన్నది ఇంతకంటే సరైన నిర్వచనం.

అలంకారశాస్త్ర దృష్టితో చూస్తే ఇది రూపకాతిశయోక్తి జాతికి చెందుతుంది. ఉపమేయాన్ని ఉపమానం మింగివేయడాన్ని ఆలంకారికులు నిగరణం అన్నారు. ఇక్కడ మనిషిని మొసలి పూర్తిగా మింగింది. వాక్యంలో మనిషి కన్నీరు లేదు, ఉన్నది మొసలిదే. ఈ నిగరణంలోనే వాదపరమైన అన్యాయం కూడా ఉన్నది. కన్నీరు సాధారణంగా దుఃఖానికి సాక్ష్యం. మొసలి కన్నీరు అన్న మరుక్షణం అదే సాక్ష్యం నేరానికి సాక్ష్యంగా మారుతుంది. ఎంత ఏడిస్తే అంత కపటి. ఈ అభియోగాన్ని ఎదుర్కొన్నవాడు తన దుఃఖం నిజమని నిరూపించుకొనే మార్గం లేదు, ఎందుకంటే నిరూపణకు అతని దగ్గర ఉన్నది మరింత దుఃఖమే. అణచివేతకు గురైనవారిని గురించి ఆ అనుభవం లేనివారు రాసిన సాహిత్యాన్ని విచారించేటప్పుడు విమర్శకులు ఈ మాటను వాడడంలో జాగ్రత్త అవసరమయ్యేది ఇందుకే. ఆ రచన దేనిని దాచింది, ఎవరి లాభాన్ని కాపాడింది అన్నది పాఠంలో చూపగలిగితే మాట నిలుస్తుంది. చూపకుండా అంటే అది మార్గరెట్ వాదం అవుతుంది.

జంతువు, రోగి

మొసలి నిజంగా కన్నీరు కారుస్తుందా అన్న ప్రశ్నకు శాస్త్రం సమాధానం చెప్పింది. మొసలికి అశ్రుగ్రంథులు ఉన్నాయి. ఒడ్డున చాలాసేపు ఉన్నప్పుడు కన్ను ఆరిపోకుండా అవి తడిని ఇస్తాయి. ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్ మొసళ్ళ కేంద్రంలో కెంట్ వ్లీట్ ఏడు ఎలిగేటర్ జాతి జీవులను నేల మీద మేత తింటుండగా పరిశీలించగా, ఐదింటి కళ్ళలో నీరు కనిపించింది. కొన్నింట నురగ, బుడగలు కూడా వచ్చాయి. మాల్కమ్ షేనర్‌తో కలిసి 2007లో 'బయోసైన్స్' పత్రికలో వెలువరించిన ఆ వ్యాసానికి శీర్షికలో మాండవిల్ మాటలనే వాడుకొన్నారు. తినేటప్పుడు బుసకొడుతూ విడిచే గాలి నాసికా కుహరాల గుండా కన్నీటిని పైకి తోస్తుందన్నది వారి ఊహ. మాండవిల్ చూడకుండా రాసినది కంటికి కనిపించే మేరకు నిజమే. తప్పు అంతా దానికి భావాన్ని ఆపాదించడంలో ఉన్నది.

షేనర్‌కు ఈ ఆసక్తి కలిగించినది వైద్యం. ముఖ పక్షవాతం నుంచి కోలుకొంటున్నవారిలో కొందరికి, లాలాజల గ్రంథికి వెళ్ళవలసిన నాడీతంతువులు దారి తప్పి అశ్రుగ్రంథికి చేరుతాయి. అన్నం ముందు కూర్చొంటే నోరూరడానికి బదులు కన్ను చెమ్మగిల్లుతుంది. రష్యన్ వైద్యుడు బోగొరాద్ 1920వ దశకంలో దీనిని వివరించాడు. ఆంగ్ల వైద్యగ్రంథాల్లో దీని పేరు మొసలి కన్నీటి లక్షణ సముదాయం. ఆంగ్లంలో ఆ పేరు తింటూ ఏడ్చే జంతువును గుర్తు చేసి ఊరుకొంటుంది. తెలుగులో, పైన చూపినట్లు, ఆ మాటలో నేరారోపణ ఉన్నది. ముద్ద నోట పెట్టుకొన్నప్పుడల్లా ఒక కంట నీరు కారే రోగికి, మీవి మొసలి కన్నీళ్ళని వైద్యుడు తెలుగులో చెప్పలేడు. వైద్య పరిభాషను తెలుగు చేసేవారు ఈ ఒక్కచోట జాతీయాన్ని వదిలి, 'తినేటప్పటి కన్నీరు' అనడమే తగిన పని.